ఎర్రగడ్డ పొట్టు లేని కుడితి

శ్రావణ ద్వాదశి పొద్దున హులిగమ్మ ఒక బకెట్టుకు బదులు రెండు బకెట్లతో కుడితికి బయలుదేరింది.

దానికి కారణం లేకపోలేదు. శ్రీపాదరావు పంతులుగారింట్లో శాకవ్రతం నిన్నటితో ముగిసింది. చాతుర్మాస్యంలో మొదటి నెలంతా ఆ ఇంట్లోకి కూరగాయ అన్నది రాదు. పప్పుతోనూ పెరుగుతోనూ నెల వెళ్ళదీస్తారు. ఆ నెల వాళ్ళకు పుణ్యం, హులిగమ్మ ఎనుముకు పస్తు. పెరటి గోడ పక్కనున్న కుడితి బానలో బియ్యం కడుగూ, కాస్త గంజీ తప్ప ఇంకేమీ పడదు. ద్వాదశి తెల్లవారిందంటే మాత్రం నెల కరువంతా ఒక్క పూటలో తీర్చుకునేట్టు వండుతారు. బీర చెక్కు, గుమ్మడి తొక్కలు, పొట్లకాయ గింజలు, అరటి తొక్కలు, కొత్తిమీర కాడలు, అన్నీ పడి బాన అంచుదాకా నిండుతుంది. ఏటా ఆ పొద్దు హులిగమ్మ రెండు బకెట్లు మోస్తుంది.

ఈ యేడు ఆ రెండో బకెట్టు మీద ఆమె పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. వానలు మొహం చాటేశాయి. పెద్దకడుబూరు దిక్కు నుంచి వచ్చే జొన్నచొప్ప బండ్లు ఆగిపోయాయి. జిన్నింగు మిల్లుకు తాళం పడి మొగుడు తిక్కయ్య కూలికని బళ్ళారి దిక్కు పోయాడు. ఇంట్లో మిగిలింది కిలో రెండు రూపాయల బియ్యమూ, నిండు చూడి మీదున్న ఎనుమూ. ఈనే ముందర కడుపు నిండితేనే ఈనినాక పాలు. ఆ పాలు హోటలుకు పోస్తేనే ఇంట్లో పొయ్యి.

ఆ ఎనుము పేరు రంగి. ఆదోని కొండ కింద గుడిసెల వరుసలో రంగిని ఎరగని వాళ్ళు లేరు. దూడగా ఉన్నప్పటి నుంచీ పంతులుగారింటి కుడితి తాగి పెరిగింది. ఆ ఇంట్లో వెల్లుల్లి ముట్టరు, ఎర్రగడ్డ అని ఆ ఊళ్ళో పిలిచే ఉల్లి అసలే ముట్టరు. కాబట్టి రంగీ ముట్టదు. ఎర్రగడ్డ పొట్టు ఒక్క రేకు తేలినా సరే, ముక్కు చీది, తల తిప్పుకుని, తొట్టిని కొమ్ముతో నెట్టేస్తుంది. "నీ ఎనుముకి ఆచారం ముదిరిందే, దానికి మడిచీర కట్టు" అని వరుసలో ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. హులిగమ్మ కూడా నవ్వేది, గడ్డి దొరికే రోజుల్లో.

ఎర్రగడ్డ ముట్టని ఇళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నాయి. కానీ వాటికి వేరే ఆడవాళ్ళున్నారు. కుడితి ఇల్లంటే మాటలు కాదు. వారానికి రెండు తట్టల పేడ అలుకుకు తెచ్చిపెట్టి, పెరడు ఊడ్చిపోతే, ఆ ఇంటి కుడితి ఆ మనిషిది. 'మా ఇల్లు' అనే చెప్పుకుంటారు. ఇంటావిడ పిలిచి ఇస్తానన్నా సరే, ఇంకొకరు ఆ బానలో చెయ్యి పెట్టరు. పెడితే ఆ చెయ్యిని ఏ వీధీ గడప ఎక్కనివ్వదు.

హులిగమ్మ పెరటి తలుపు నెట్టి లోపలికి వచ్చింది. వంటింటి కిటికీలోంచి గుమ్మడికాయ పులుసు వాసన, ఇంగువ తిరగమోత వాసన కమ్ముకొచ్చాయి. ఆమె ప్రాణం లేచొచ్చింది. బకెట్లు దించి, బాన మీది రేకు మూత తీసింది.

తెల్లగా బియ్యం కడుగు. చెయ్యి పెట్టి అడుగుదాకా కలియబెట్టింది. నాలుగు మెతుకులు వేళ్ళకు తగిలాయి, అంతే.

ఆమె తడిచెయ్యి విదిలించింది. తరువాత కిటికీ దిక్కు చూసింది.

"వేదమ్మా," అని పిలిచింది. "ఈపొద్దు గూడా కూరగాయలు తరగలేదామ్మా?"

పంతులుగారి భార్య వేదవతి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ముప్పై దాటని మనిషి, ఎప్పుడూ నవ్వుమొహంతో పలకరించేది. ఈ పొద్దు మాత్రం నేరుగా చూడలేదు. ఒకసారి వంటింటి దిక్కు, ఒకసారి పెరటి మూలనున్న కట్టెల పేర్పు దిక్కు చూసి, "ఉన్నది పోసినాను హులిగమ్మా" అంది.

"గుమ్మడికాయ వాసనొస్తాందే?"

"చిన్నకాయలే. తొక్క ఎంతొస్తుంది?"

లోపల నుంచి అత్తగారు రమాబాయి గొంతు వినబడింది. "ఎవరే అక్కడ? హులిగేనా? గోడ దగ్గరే ఉండమను, నేను మడిలో ఉన్నాను."

"ఆ, పోతోంది అత్తా," అని వేదవతి తొందరపెట్టింది. తరువాత గొంతు తగ్గించి, "రేపు పేడ ఇంకో తట్ట ఎక్కువ తెస్తావా?" అంది.

ఒక బకెట్టు సగం నిండింది. రెండోది ఖాళీగానే చేతిలో ఊగుతూ వచ్చింది. దారి పొడుగునా హులిగమ్మ మనసు ఒకే చోట తిరిగింది. పేడ ఎక్కువ కావాలంట, కుడితి మాత్రం తగ్గించిందంట. వండిన గుమ్మడికాయకు తొక్క లేకుండా పోతుందా? తన ఇంటి తొక్కలు ఎవరి తొట్టికో పోతున్నాయి. ఎవరిదా తొట్టి?

ఇంటికొచ్చి చూస్తే అనుమానానికి ఇంకో కొమ్మ మొలిచింది. రంగి తొట్టి అడుగున బీరకాయ చెక్కు రెండు ముక్కలు, ఒక వంకాయ తొడిమ తడితడిగా అంటుకుని ఉన్నాయి. ఆమె వెయ్యలేదు. వెయ్యడానికి ఆమె దగ్గర లేవు.

ఇది మొదటిసారి కాదు. శాకవ్రతం నెలలోనే, మధ్యాహ్నం కొండ దిక్కు గడ్డిపరకలకు పోయి వచ్చేసరికి తొట్టిలో ఇట్లాంటివి కనబడేవి. కనబడినప్పుడల్లా ఆమెకు ఒకటే అనుమానం. ఎవరో మందు పెడుతున్నారు. చూడి ఎనుముకు కడుపు పోవాలని ఏదో కలిపి పెడుతున్నారు. ప్రతిసారీ ఆ ముక్కలు చీపురు కొసతో తీసి దూరంగా పారేసి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. చిత్రమేమిటంటే, డొక్కలు ఎండాల్సిన నెలలో రంగి డొక్కలు ఎండలేదు. దానికీ హులిగమ్మ అనుమానపడింది. మంచిది తింటే ఒళ్ళు వస్తుంది గానీ, ఏమీ తినకుండా ఒళ్ళు ఎట్లా నిలుస్తుంది? అది ఒళ్ళు కాదు, వాపు.

"ఎవరే నీకు పెడతాండేది?" అని ఎనుము మెడ నిమురుతూ అడిగింది. రంగి ఖాళీ తొట్టిని నాకింది.

మర్నాడు ఆమె వేళకు ముందే వెళ్ళింది. పెరటి తలుపు నెట్టలేదు. గోడకు ఒకచోట రాయి ఊడి సందు ఉంది. అక్కడ పేడతట్ట దించి, తల మీది చుట్టకుదురు సర్దుకుంటున్నట్టు నిలబడి లోపలికి చూసింది.

వేదవతి వంటింట్లోంచి వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెం మీద మూత. వెనక్కి తిరిగి అత్తగారు లేదని చూసుకుంది. గబగబా పెరటి మూలకు నడిచి కట్టెల పేర్పు వెనక్కి పోయింది. అక్కడ ఏం చేసిందో కనబడలేదు. తిరిగొచ్చేటప్పుడు మూత చంకలో ఉంది, పళ్ళెం ఖాళీగా వేలాడుతోంది.

హులిగమ్మకు ఒళ్ళు మండింది. కట్టెల పేర్పు వెనకున్నది వెనక వీధి గోడ. ఆ వీధి ఇళ్ళ కుడితంతా మద్దమ్మది. ఆ గోడకు ఎక్కడో కంత ఉంది, ఆ కంతలోంచి అందుకుంటోంది. మద్దమ్మకు రెండు ఎనుములు. హులిగమ్మ గుడిసెకు నాలుగు గుడిసెల అవతల ఉంటుంది. పోయిన ఈతలో రంగికి దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సరిచేసిన మనిషి. అట్లాంటి మనిషి ఇట్లా చేస్తుందా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ అనిపించినదాన్ని హులిగమ్మ అక్కడే నొక్కేసి, పేడతట్ట వదిలేసి, సందు తిరిగి వెనక వీధిలోకి పరుగెత్తింది.

వీధి మొగదల కొళాయి దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి. మద్దమ్మ అప్పుడే నూనెమిల్లు గుమాస్తా భార్య దానమ్మ ఇంటి వెనకనుంచి వస్తోంది. ఒక చేతిలో కుడితి బకెట్టు, రెండో చేతిలో గుడ్డ కప్పిన ఈతాకు బుట్ట. వయసు పైబడిన మనిషి, మెల్లగా నడుస్తోంది.

"ఆ బుట్టలో యేముంది?" అని హులిగమ్మ అడ్డం నిలబడింది. ఎన్నేళ్ళుగానో నోటికి అలవాటైన 'అక్కా' ఆ పూట రాలేదు.

మద్దమ్మ బిత్తరపోయింది. "యేముంటాదే, తొక్కులు. నీకి..."

హులిగమ్మ గుడ్డ లాగేసింది. బీర చెక్కు, గుమ్మడి తొక్క, చిక్కుడు ఈనెలు, శుభ్రంగా కడిగినట్టున్నాయి. వేళ్ళతో గెలికి చూసింది. ఎర్రగడ్డ పొట్టు ఒక్క రేకు లేదు. పక్కన బకెట్టులో మాత్రం ఎర్రగా, పలచగా, పొట్టు పైకి తేలుతోంది. బకెట్టు ఒక ఇంటిది, బుట్ట ఇంకో ఇంటిది. ఇంకేం సాక్ష్యం కావాలి?

"చూడండమ్మా, అందరూ చూడండి!" అని అరిచింది. కొళాయి దగ్గర మాటలు ఆగాయి. "ఈ ఈదిలో ఎర్రగడ్డ తినని ఇల్లు యేదైనా ఉందా? ఈ తొక్కులు యాడివి? మా పంతులయ్యగారింటివి! మా ఇంట్లో చెయ్యి పెట్టినాదమ్మా ఈ మనిషి!"

"హులిగీ, నా మాటిను. అది నీ రంగికే..."

"నా ఎనుము పేరెత్తొద్దు! నా తొట్లో తొక్కులేసేది గూడా నువ్వేనా? మందు పెడతాండావా చూడిదానికి? దాని కడుపు పోతే నీ పాలకి గిరాకీ అనుకున్నావా?"

మద్దమ్మ బకెట్టూ బుట్టా కింద పెట్టింది. చుట్టూ మూగిన ఆడవాళ్ళను ఒకసారి చూసింది, గడపలో నిలబడిన దానమ్మను చూసింది. తరువాత హులిగమ్మతో అంది: "మందంటివి గదా. సరే. ఇంగ నీ తొట్టి దిక్కు వస్తే నన్నడుగు."

బుట్ట అక్కడే నేల మీద వదిలేసి, బకెట్టు ఒక్కటే తీసుకుని వెళ్ళిపోయింది.

"చూసిర్యా, ఒప్పుకున్యాది! తొట్టి దిక్కు రాదంట, అంటే ఇన్ని దినాలూ వచ్చినట్టే గదా!" అంది హులిగమ్మ. ఎవరూ కాదనలేదు. ఒకరిద్దరు తలలు ఊపారు కూడా. ఆ మధ్యాహ్నానికే దానమ్మ కబురు పెట్టింది. అట్లాంటి చేతుల మనిషి తన పెరట్లోకి రావడానికి వీల్లేదనీ, రేపటినుంచి కుడితి హులిగమ్మే తీసుకుపోవచ్చనీ. హులిగమ్మ మొదట వద్దనుకుంది, ఎర్రగడ్డ కుడితి రంగి తాగదు గదా అని. కానీ మద్దమ్మ తొట్టిలోది తగ్గుతుందన్న కక్ష ఆమె చేత సరేననిపించింది.

ఆ బుట్ట కూడా ఇంటికి తెచ్చుకుంది. అందులో తొక్కలు న్యాయంగా తనవే కాబట్టి రంగికి వేసింది. రంగి ఆవురావురుమని తినేసింది.

రెండు రోజులు గడిచాయి. మద్దమ్మ ఆ వీధిలోకి రావడం మానేసింది. తొట్టిలో తొక్కలు పడటమూ ఆగిపోయింది. అంతవరకూ అన్నీ హులిగమ్మ అనుకున్నట్టే జరిగాయి. ఒక్కటి మాత్రం జరగలేదు. పంతులుగారింటి బాన నిండలేదు. పౌర్ణమినాడు కూడా బియ్యం కడుగే.

దొంగను పట్టినాక కూడా సొత్తు పోతూనే ఉంటే ఏమనుకోవాలి? ఇంకో దొంగ ఉన్నట్టు. రంగి డొక్కలు ఇప్పుడు నిజంగానే లోపలికి పోయాయి. మధ్యాహ్నం అయ్యేసరికి మోర ఎత్తి, వాకిలి దిక్కు చూసి, ఆగకుండా అరుస్తోంది. హులిగమ్మ గడ్డికి కూడా పోలేక, కట్టుకొయ్య పక్కన కూర్చుని, ఈ అరుపేమిటో అర్థం కాక దిక్కులు చూసింది.

పౌర్ణమి మర్నాడు రమాబాయి మఠానికి వెళ్ళిన వేళ చూసుకుని, హులిగమ్మ పెరట్లో అడుగుపెట్టి నేరుగా మూలకు నడిచింది. కట్టెల పేర్పు వెనక్కి దూరింది. వెనక గోడను అరచేతులతో తడిమి చూసింది. కంత లేదు. ఎక్కడా రాయి కూడా కదల్లేదు.

గోడ వారన ఇటుకల మీద ఒక పాత బాన ఉంది. అంచు పగిలింది, అడుగున చిల్లి, మీద తడిపిన గోనెపట్ట. చేతబడి నిమ్మకాయలూ బొమ్మలూ ఉంటాయేమోనని ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. రణమండల ఆంజనేయస్వామిని తలచుకుని గోనెపట్ట ఎత్తింది.

గుమ్మడి తొక్కలు. బీర చెక్కు. అరటి తొక్కలు, నల్లబడినవీ, సగం కరిగినవీ. వాటి కింద తను తెచ్చిన పేడ. వెలుతురు తగలగానే ఆ తొక్కల మధ్య ఎర్రగా సన్నగా ఏవో మెలికలు తిరిగి లోపలికి జారాయి. ఒకటి కాదు, ఎన్నో. వానపాములు.

"హులిగమ్మా!"

వెనక వేదవతి నిలబడి ఉంది.

"ఇదేందమ్మా ఇది?" హులిగమ్మ బాన దిక్కు చెయ్యి చూపింది. "నా ఎనుము నోటికాడిది పురుగులకేస్తాండావా?"

"మెల్లగా మాట్లాడు, నీకు దండం పెడతాను. ఎవరైనా వింటారు." వేదవతి దగ్గరికి వచ్చి గోనెపట్ట మళ్ళీ కప్పింది. "ఎమ్మిగనూరు నుంచి మా తమ్ముడు తెచ్చిచ్చినాడు. ధార్వాడలో వ్యవసాయం చదువుతాడు గదా. ఇవి తొక్కలూ పేడా తిని టీపొడి మాదిరి మట్టి చేస్తాయి. వ్రతం నెలంతా నువ్వు తెచ్చిన పేడతోనే నెట్టుకొచ్చినాను. ఆ మట్టి వేస్తేనే మన తులసి బతికింది. లేకపోతే ఈ ఎండకి ఎప్పుడో పోయేది. మన గురువు రాయరవారి ఆరాధనకి మన పెరటి తులసిమాల మఠానికి ఇస్తానని మొక్కుకున్నాను. అత్తకి తెలిస్తే, తులసి మొదట్లో పురుగుల మట్టి వేస్తావా అని బాన ఎత్తి రోడ్డు మీద పారేయిస్తుంది."

"నాకి సెప్తే యేమి?"

"నువ్వు అత్తకి చెప్తావేమోనని..." వేదవతి మాట మధ్యలో ఆపేసింది. తల దించుకుంది. "నీ ఎనుముకి తగ్గుతుందన్న ధ్యాసే లేకపోయింది. రోజూ పారేసే తొక్కలే గదా అనుకున్నాను."

హులిగమ్మ నోటికి తిట్లు వచ్చాయి. పారేసే తొక్కలంట! కానీ తిట్లు నోట్లోనే ఆగిపోయాయి. ఇంకో సంగతి ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, నిజం సెప్పు. ద్వాదశి మర్నాడు తరిగిన తొక్కులు యాడేసినావు?"

"అన్నీ ఇందులోనే."

"యెవరికీ ఇయ్యలేదా? మద్దమ్మకి?"

"మద్దమ్మ ఎవరు?" అంది వేదవతి.

హులిగమ్మ పెరట్లోంచి బయటపడింది. దానమ్మ ఇంటికి పోయి కుడితి బకెట్టు నింపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గుడిసెకు చేరింది. పంతులుగారింటి తొక్కలు గోడ దాటనే లేదు. మరి ఆ బుట్టలోవి ఎక్కడివి?

రంగి బకెట్టు దగ్గరికి ఆశగా వచ్చింది, ఎర్రగడ్డ వాసన తగిలి ముక్కు చీదింది, తల తిప్పుకుంది. దాని కళ్ళ కింద నీటిచారలు ఎండి ఉన్నాయి. హులిగమ్మ బకెట్టును చాటలోకి వంచి, నీళ్ళు ఓడనిచ్చి, మద్దమ్మ బుట్ట పక్కన పెట్టుకుని, పొట్టు ఏరడం మొదలుపెట్టింది.

అది తేలికైన పని కాదు. పై పొట్టు ఎండుగా ఉంటుంది, చేతికి వస్తుంది. లోపలి పొర తడిసి, ఉందో లేదో తెలియనంత పలచగా బీర చెక్కుకు అతుక్కుపోతుంది. గోటితో గీకాలి. ఒక తొక్కు తీసి, రెండు పక్కలా చూసి, కడిగి, బుట్టలో వెయ్యాలి. మళ్ళీ ఇంకొకటి. కళ్ళు మండాయి. నడుము లాగింది. చాలాసేపటికి బుట్ట అడుగు నిండింది. బీర చెక్కు, గుమ్మడి తొక్క, చిక్కుడు ఈనెలు. శుభ్రంగా కడిగినట్టున్నాయి. ఎర్రగడ్డ పొట్టు ఒక్క రేకు లేదు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఈ బుట్టను ఆమె ఇంతకుముందు చూసింది. ఇట్లాగే చూసింది. ఎర్రగడ్డ తినే ఇంటి కుడితిలోంచి పొట్టు దానంతట అది పోదు. ఎవరో ఒకరు కూర్చుని ఏరాలి. మద్దమ్మ ఎనుములు రెండూ పొట్టుతోనే తింటాయి, వాటికోసం ఏరే పని లేదు. ఈ ఊళ్ళో ఎర్రగడ్డ ముట్టని ఎనుము ఒక్కటే ఉంది.

'అది నీ రంగికే' అని మద్దమ్మ అన్నది. అన్నది! రెండుసార్లు చెప్పబోయింది. తను వినలేదు.

శాకవ్రతం నెలంతా, మసక కళ్ళతో, దానమ్మ ఇంటి వెనక మురుగు మోరీ పక్కన కూర్చుని ఏరి, కడిగి, మధ్యాహ్నం తను లేని వేళ తెచ్చి వేసి పోయింది. చెప్పుకోలేదు. చెప్పుకుంటే, నీ ఎనుము పస్తుంటోంది అని ఎత్తిపొడిచినట్టు అవుతుందని అయ్యుంటుంది. మిగిలిన ముక్కలను తను చీపురుతో తీసి పారేసింది. మిరపకాయలు తిప్పింది.

రంగి మోర ఎత్తి, వాకిలి దిక్కు చూసి అరిచింది. మధ్యాహ్నమైంది. ఆ అరుపు ఎవరికోసమో హులిగమ్మకు ఇప్పుడు తెలిసింది. ఎర్రగడ్డ కంపు కొట్టే చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఏడుపు ఆగినాక మొహం కడుక్కుని వెనక వీధికి పోయింది. కొళాయి దగ్గర మొన్నటి ఆడవాళ్ళే ఉన్నారు. దానమ్మ గడపలో బియ్యం చెరుగుతోంది.

"దానమ్మా, మొన్న నేను సెప్పింది అబద్ధం. మద్దక్క యే ఇంట్లోనూ చెయ్యి పెట్టలేదు. ఆ తొక్కులు మీ ఇంటివే. నా ఎనుము తినదని పొట్టు ఏరి నాకే తెస్తాండె. నాదే తప్పు." గట్టిగానే చెప్పింది, అందరికీ వినబడేట్టు.

చాట ఆగింది. దానమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏం, బెదిరించిందా?"

"లేదమ్మా. నేను మొగం గూడా చూడలేదు ఆయక్కది."

"మొన్న నువ్వే దొంగంటివి, మందంటివి. ఈపొద్దు దేవతంటావు. ఇద్దరూ ఏం కూడబలుక్కున్నారో నాకేం తెలుసు?" దానమ్మ మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. "ఆమె వద్దు, నువ్వూ వద్దు. రేపట్నుంచి కుడితి పక్క వీధి మారెమ్మకి ఇస్తా."

కొళాయి దగ్గర ఒకామె పక్కామె చెవిలో ఏదో అంది. పక్కామె హులిగమ్మ చేతుల దిక్కు చూసింది. హులిగమ్మ అక్కడ ఇంకా నిలబడింది, ఎవరైనా ఒకరు నమ్మినట్టు తల ఊపుతారేమోనని. మొన్న ఊపిన తలలే అవి. ఈ పూట ఒక్కటీ కదల్లేదు.

మర్నాడు ఆరాధన. పంతులుగారింట్లో తెల్లవారకముందే పొయ్యిలు వెలిగాయి. హులిగమ్మ వెళ్ళేసరికి రమాబాయి తులసికోట దగ్గర దళాలు కోస్తోంది. "ఏమే, ఊరంతా మాడిపోతుంటే మన తులసి చూడు, ఎంత పచ్చగా ఉందో. అంతా రాయరవారి దయ," అంది. హులిగమ్మ వేదవతి దిక్కు చూసింది. వేదవతి కట్టెల పేర్పుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"అవునమ్మా," అని మాత్రం అంది హులిగమ్మ.

బాన మూత తీస్తే అంచుదాకా ఉంది. పైన గుమ్మడి తొక్కలు కుప్పగా ఉన్నాయి. వేదవతి దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇంక సగం నీకు, సగం వాటికి. ఈ పొద్దు మాత్రం అంతా నీకే," అంది. హులిగమ్మ రెండు బకెట్లూ నింపుకుంది. ఒకటి రంగి ముందర పెట్టింది. రెండోదీ, కడిగి ఆరబెట్టిన బుట్టా తీసుకుని నాలుగు గుడిసెలు దాటింది.

మద్దమ్మ వాకిట్లో కూర్చుని పలుపు పేనుతోంది. చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. పేనడం ఆపలేదు.

"అక్కా," అంది హులిగమ్మ. దారిలో అనుకున్న మాటలన్నీ పోయాయి. "దానమ్మకి సెప్పినా. ఇనలేదు. మారెమ్మకి ఇచ్చేసినాది."

మద్దమ్మ పలుపు మెలి బిగించింది.

హులిగమ్మ బకెట్టు తీసుకెళ్ళి మద్దమ్మ ఎనుముల తొట్టిలో వంచింది. రెండూ మూతులు పెట్టాయి. వాసన చూశాయి. పంతులుగారింటి కుడితి వాటికి చప్పన. తలలు ఎత్తేసి, ఇదేమిటన్నట్టు మద్దమ్మ దిక్కు చూశాయి.

"తాగవు అవి," అంది మద్దమ్మ.

లేచి లోపలికి పోయింది. తన వంటచోటు మూలనుంచి దోసెడు ఎర్రగడ్డ పొట్టు తెచ్చి తొట్టి మీద చల్లింది, చేత్తో కలియబెట్టింది. ఎనుములు తలలు దించి తాగడం మొదలుపెట్టాయి. ఇద్దరు ఆడవాళ్ళూ వాటినే చూస్తూ నిలబడ్డారు.

"మద్దేన్నం అరుస్తాందే అది," అంది మద్దమ్మ, ఇటు తిరగకుండానే. "మొన్నట్నుంచి ఈడికి ఇనపడ్తానే ఉంది."

హులిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మద్దమ్మ తడిచెయ్యి చీరకు తుడుచుకుని ముందుకు చాపింది. "ఆ బుట్ట ఇట్లియ్యి."